స్కేలంత విమానం

అచ్యుతరావు మాస్టారు చాక్‌పీసుల డబ్బా ఖాళీ చేసి, అందులో చీటీలు వేసి గలగలా కుదిపారు. ఏడో తరగతి మొత్తం బెంచీల అంచులకి జరిగి కూర్చుంది.

"టీముకి ఒకళ్లు రండి. ఏ దేశం వస్తే ఆ దేశం విమానం చెయ్యాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ఫైటర్ విమానం. మన రన్‌వే ఆ యుద్ధం రోజుల్లోనే కట్టారని మొన్న చెప్పాను కదా."

తాడేపల్లిగూడెం పిల్లలకి రన్‌వే అంటే సైకిలు నేర్చుకునే చోటు. పెద్దవాళ్లకి పొద్దున్నే వాకింగ్ చేసే చోటు. దాన్ని యుద్ధ విమానాల కోసం కట్టారని తెలిసిన దగ్గర నుంచి క్లాసంతా విమానాల పిచ్చిలో ఉంది.

గోపీచంద్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. బ్రిటన్ వచ్చింది. అతని టీము బల్లలు చరిచింది.

మెహర్ చెయ్యి పెట్టింది. ఫ్రాన్స్ వచ్చింది.

"ఫ్రాన్సా? వాళ్లకీ విమానాలున్నాయా?" అన్నాడు ఫణీంద్ర. మెహర్ టీములో ఉన్నది వాడొక్కడే.

"ఉండకేం!" అంటూ మాస్టారు ఒక ప్రింటు తీసి ఇచ్చారు. పొడుగు ముక్కు, మూడు రెక్కల పంకా, వెనక్కి జరిగి ఉన్న పైలట్ గది. "దీన్ని డి-520 అంటారు. ముందు ఇంకో మాట ఉంది. అది ఫ్రెంచి పేరు. ఎలా పలకాలో నాకూ సరిగ్గా తెలీదు. కనుక్కుని చెప్తాను."

తర్వాత క్లాసు మొత్తానికీ వినిపించేలా అన్నారు. "ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇది ఆడుకునే బొమ్మ కాదు, స్కేల్ మోడల్. ఏలూరు ఎగ్జిబిషన్లో స్కేల్ మోడలైతేనే తీసుకుంటారు. అర్థమైందా?"

ఫణీంద్ర సగం లేచాడు. "సార్, స్కేల్ మోడల్ అంటే..."

"అర్థమైందండీ!" అంది మెహర్ అందరికంటే గట్టిగా. ఫణీంద్ర చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "నేను చెప్తాలే. పరువు తియ్యకు."

మెహర్ క్లాస్ లీడర్. ఏ సార్ ఏ ప్రశ్న అడిగినా మొదట లేచే చెయ్యి ఆమెదే. తనకి తెలియనిది ఒకటుందని ఎవరికైనా తెలిస్తే ఆ రోజు ఆమెకి అన్నం సయించదు.

ఆమెను చూసి క్లాసంతా తలూపేసింది. బెల్లు కొట్టారు.

*

మెహర్ వాళ్ల నాన్న మౌలాలికి బస్టాండు దగ్గర స్టిక్కర్ల షాపు ఉంది. బైకులకి నంబర్లు, ఆటోల వెనక పేర్లు, కొట్లకి బోర్డులు చేస్తారు. బోర్డులకి వాడే తెల్లటి, తేలికపాటి సన్‌బోర్డు ముక్కలు షాపు వెనక ఎప్పుడూ గుట్టగా పడి ఉంటాయి.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ఫణీంద్ర ఆ ముక్కల మధ్య కూర్చుని. "స్కేల్ మోడల్ అంటే ఏంటి?"

మెహర్ బ్యాగులోంచి తన స్టీలు స్కేలు తీసింది. ముప్పై సెంటీమీటర్లది. "పేరులోనే ఉంది కదా. స్కేలంత ఉండాలి. ఇదిగో, ఇంత."

"అంతేనా?"

"అంతే."

"మరి బస్సుకి స్కేల్ మోడల్ చేస్తే?"

"ముప్పై సెంటీమీటర్లే."

"ఏనుగుకి?"

"ముప్పయ్యే."

"చీమకి?"

"చీమకి ఎవడ్రా మోడల్ చేసేది? కొయ్యి ముందు!"

ఎక్కడో తేడాగా ఉందని ఫణీంద్రకి అనిపించింది. కానీ చెప్తున్నది మెహర్. మెహర్ తప్పు చెప్పడం వాడెప్పుడూ వినలేదు.

ప్రింటు కింద ఏవో మీటర్లు రాసి ఉన్నాయి. "ఇవెందుకో?" అన్నాడు ఫణీంద్ర.

"అవి అసలు విమానానివి. మనకెందుకు?" అంది మెహర్.

విమానం ఒళ్లు ముక్కు నుంచి తోక దాకా స్కేలంత కోశారు. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి స్కేలంత. తోక దగ్గర రెక్కలు చిన్నవి కాబట్టి, వాటిని జామెట్రీ బాక్సులో ఉండే చిన్న స్కేలంత కోశారు. చక్రాలకి కూల్‌డ్రింకు మూతలు. పైలట్‌గా మెహర్ తమ్ముడు తన్వీర్ ప్లాస్టిక్ బొమ్మ. తన్వీర్ ఏడిస్తే వాడికి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి ఊరుకోబెట్టారు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశారు. రెక్కల అంచుల్ని ఫణీంద్ర గరుకు కాగితంతో రుద్ది రుద్ది, చేత్తో తడిమితే ఎక్కడా గరుకు తగలకుండా చేశాడు. వాడి వేళ్ల చివర చర్మం లేచిపోయింది. మెహర్ రంగులు వేసింది. షాపుకి వచ్చినవాళ్లందరికీ నాన్న చేత చెప్పించింది, "మా అమ్మాయి విమానం ఏలూరు వెళ్తోందండీ" అని.

*

అచ్యుతరావు మాస్టారు మోడళ్లన్నీ బల్ల మీద పెట్టించారు. ఒక్కొక్క టీమునీ అడుగుతూ వచ్చారు.

"గోపీచంద్, మీ స్కేలెంత?"

"ఒకటికి ఇరవై నాలుగండీ."

మెహర్‌కి జాలేసింది. 'పాపం, వీడి స్కేలు విరిగిపోయినట్టుంది' అనుకుంది.

"మెహర్, మీది?"

"ముప్పయ్యండీ!"

"ఒకటికి ముప్పయ్యా?"

"అవునండీ, ఒకటే స్కేలండీ. ముప్పై సెంటీమీటర్లది." మెహర్ తన స్టీలు స్కేలు పైకెత్తి చూపించింది.

గోపీచంద్ బెంచీ నుంచి ఫక్కున నవ్వు వినిపించింది. ఆ నవ్వు క్లాసంతా పాకింది.

మాస్టారు నవ్వలేదు. విమానాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. రెక్కలు పొట్టిగా, ఒళ్లు లావుగా, తోక విసనకర్రలా ఉన్నాయి. పైలట్‌ని బయటికి తీసి పక్కన నిలబెట్టారు. వాడు ఒక రెక్కంత పొడుగున్నాడు.

"సార్, ఆ పైలట్ విమానం ఎక్కలేడండీ. చంకలో పెట్టుకుని నడిచిపోతాడండీ!" అన్నాడు గోపీచంద్.

మెహర్ చెవులు వేడెక్కాయి.

మాస్టారు గోడ మీద ఉన్న మ్యాపు దగ్గరికి వెళ్లారు. కింద మూల మీద వేలు పెట్టారు. "ఇక్కడ ఏం రాసుంది? స్కేలు. ఒక సెంటీమీటరు అంటే ఇన్ని కిలోమీటర్లు అని. ఈ మ్యాపులో ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య దూరం వేలెడు కూడా లేదు. కొల్లేరు నా గోరంత ఉంది. కానీ అన్నీ ఒకే లెక్కలో తగ్గాయి. అందుకే ఏది ఎక్కడుందో సరిగ్గా తెలుస్తోంది. విమానమూ అంతే. రెక్క ఎన్ని రెట్లు తగ్గితే తోకా అన్ని రెట్లే తగ్గాలి. చక్రమూ అంతే, పైలటూ అంతే."

మాస్టారు మ్యాపు దగ్గర నుంచి వెనక్కి తిరిగారు.

"తప్పు కొంత నాది కూడా. మాట అనేసి ఊరుకున్నాను. ఆ రోజు తెలియకుండానే తలూపినవాళ్లు ఎంతమంది? నిజం చెప్పండి."

ఒక చెయ్యి లేచింది. తర్వాత రెండు. తర్వాత వరసలకి వరసలు. చివరికి గోపీచంద్ కూడా చెయ్యెత్తాడు. "ఇంటికెళ్లాక మా అన్నయ్యని అడిగానండీ," అన్నాడు.

మెహర్ చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

"మెహర్, ఫణీంద్రా, మీ పనితనం బావుంది. కానీ దీన్ని తీసుకెళ్తే గుమ్మం దగ్గరే వద్దంటారు. శుక్రవారం లోపు లెక్క ప్రకారం ఇంకోటి చేస్తే తీసుకెళ్తాను. లేకపోతే గోపీచంద్ వాళ్లది ఒక్కటే వెళ్తుంది."

బయటికి వచ్చాక ఫణీంద్ర రెక్కల అంచు మీద ఒకసారి బొటనవేలు రాశాడు. తర్వాత విమానాన్ని మెహర్ చేతిలో పెట్టాడు.

"నేను అడగబోయాను మెహరూ. నువ్వే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టావు."

"అదీ... నేను..."

"నువ్వే చేసుకో ఇంకోటి. నీకన్నీ తెలుసుగా."

వాడు సైకిలెక్కి వెళ్లిపోయాడు. మెహర్ ఆ రోజు ఇంటికి చుట్టుదారిలో వెళ్లింది. షాపు ముందు నుంచి వెళ్తే ఎవరైనా విమానం గురించి అడుగుతారని భయం.

*

మర్నాడు సాయంత్రం మెహర్ నాన్న దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, మీరు బోర్డులు కొలిచే పొడుగు టేపు కాసేపు ఇస్తారా?"

"ఎందుకమ్మా?"

"నాకు ఆ విమానం ఎంతుంటుందో తెలీదు నాన్నా. చూడాలి."

మౌలాలి కూతురి మొహం వంక చూశారు. ఇంకేమీ అడగకుండా టేపు ఇచ్చారు. "జేబులో చాక్‌పీసులున్నాయి, అవీ తీసుకో," అన్నారు.

రన్‌వే మీద ఎండ తగ్గింది. వాకింగ్ చేసేవాళ్లు వాకింగ్ చేస్తున్నారు. బైకు నేర్చుకునేవాళ్లు పడుతూ లేస్తున్నారు. ఫణీంద్ర సైకిలు తొక్కుతున్నాడు. మెహర్‌ని చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

మెహర్ టేపు కొస మీద రాయి పెట్టి లాగింది. రాయి కదిలిపోయింది. ఇంకో పెద్ద రాయి పెట్టింది. అదీ జారిపోయింది. ప్రింటులో రెక్కల పొడవు పది మీటర్ల ఇరవై సెంటీమీటర్లని ఉంది. టేపు రెండు మీటర్లు దాటేసరికే పాములా వంకర తిరుగుతోంది.

ఫణీంద్ర సైకిలు పక్కనుంచి ఒకసారి వెళ్లింది. మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత వచ్చి ఆగింది.

"వంకరగా ఉంది," అన్నాడు. సైకిలు పడేసి టేపు కొస పట్టుకున్నాడు.

ఇద్దరూ కలిసి రెక్కల గీత గీశారు. గీత పూర్తయ్యాక మెహర్ లేవలేదు. చాక్‌పీసు వంకే చూస్తూ అంది.

"నాకు తెలీదురా."

"ఏంటి?"

"స్కేల్ మోడల్ అంటే ఏంటో. ఆ రోజు నాకూ తెలీదు. తెలిసినట్టు చెప్పాను. నిన్ను అడగనివ్వలేదు. నీ రెక్కలు పాడు చేశాను."

ఫణీంద్ర టేపు చుడుతూ దగ్గరికి వచ్చాడు.

"మొదటి ముక్క మళ్లీ చెప్పు."

"ఏ ముక్క?"

"'నాకు తెలీదు' అన్నావు చూడు, అది. నీ నోట ఎప్పుడూ వినలేదు. బావుంది."

మెహర్ చాక్‌పీసు వాడి మీదకి విసిరింది. వాడు పట్టుకుని, దాంతోనే విమానం ముక్కు గీయడం మొదలెట్టాడు.

ఒళ్లు ఎనిమిదిన్నర మీటర్ల పైన. తోక. చక్రాలు. ముక్కు మీద మూడు మీటర్ల పంకా. గీస్తుంటే గీస్తున్నంత విమానం రన్‌వే మీద పరుచుకుంది. ఇద్దరూ అవతలికి వెళ్లి నిలబడి చూశారు.

"అమ్మో! ఇంతుంటుందా!" అంది మెహర్.

వాకింగ్ చేస్తున్న ఒక మామ్మగారు ఆగారు. "ఏం ముగ్గమ్మా ఇది? చుక్కలేవీ?"

"ముగ్గు కాదండీ. యుద్ధ విమానమండీ. ఫ్రాన్స్‌ది," అన్నాడు ఫణీంద్ర.

"అలాగా! అయితే తొక్కకూడదు," అంటూ ఆవిడ అడుగులు ఎత్తెత్తి వేస్తూ రెక్క చుట్టూ తిరిగి వెళ్లారు. ఆవిడ వెనక వచ్చినవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే చుట్టూ తిరిగి వెళ్లారు.

ఫణీంద్ర వెళ్లి పైలట్ చోటులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "మెహరూ, ఈ ముక్కు ఎంత పొడుగో చూడు. ఇక్కడ కూర్చుంటే ఎదర నేల కనపడుతుందా అసలు? దిగేటప్పుడు ఎలా?"

మెహర్ నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పెయ్యబోయింది. ఆగింది.

"తెలీదు. రేపు సార్‌ని అడుగుదాం."

తర్వాత ఇద్దరూ ఆ గీతల మధ్య కూర్చుని లెక్క వేశారు. మీటరుని ఐదు సెంటీమీటర్లు చేస్తే ఎంతవుతుంది? రెక్కలు యాభై ఒకటి. ఒళ్లు నలభై మూడు. పంకా పదిహేను.

"మా నాన్నంత పైలట్ అయితే ఎనిమిదిన్నర. జానెడు కూడా లేడు, పిట్ట పైలట్," అన్నాడు ఫణీంద్ర.

"ఒకటికి ఇరవై. అన్నీ ఇరవై రెట్లు తగ్గాయి," అంది మెహర్. ఇంత సులువైన సంగతి కోసమా తను అంత భయపడింది అనిపించింది.

*

ఆ వారం షాపు వెనక ఒకటే ప్రశ్నలు.

"సార్, పైలట్‌కి ఎదర కనపడేది కాదా అండీ?" అని అడిగితే, నేల మీద ఉన్నప్పుడు సరిగ్గా కనపడేది కాదనీ, అందుకని ముక్కుని అటూ ఇటూ తిప్పుకుంటూ పోయేవాళ్లనీ మాస్టారు చెప్పారు. పేరు ఎలా పలకాలో కూడా కనుక్కున్నారు. దెవాతీన్. ఫణీంద్ర ఆ రోజంతా కనపడిన ప్రతివాళ్లనీ "బాగున్నారా దెవాతీన్ గారూ" అని పలకరించాడు.

"నాన్నా, సన్‌బోర్డుని గుండ్రంగా వంచాలంటే ఎలా?" అని మెహర్ అడిగితే, మౌలాలి లోపలి వైపు సన్నటి గాట్లు పెట్టి చూపించారు. బోర్డు విరగకుండా గొట్టంలా వంగింది.

"అమ్మా, విమానం రేకు మీద వరసగా చిన్న చిన్న మేకులుంటాయి. ఇరవై రెట్లు తగ్గిస్తే చుక్కల్లా కనపడాలి. ఎలా పెట్టను?" అంటే, అమ్మ అజీజున్నీసా షాపు వెనక గదిలో కుట్టుమిషన్ ముందు నుంచి లేచింది. బ్లౌజు గుడ్డల మీద గుర్తులు పెట్టే పళ్ల చక్రం తీసి స్టిక్కరు షీటు మీద ఒకసారి నడిపింది. సన్నటి చుక్కల వరస పడింది. మెహర్ అరిచిన అరుపుకి షాపులో కస్టమరు ఉలిక్కిపడ్డాడు.

రంగులు మూడు. బూడిద కలిసిన నీలం, ఖాకీ పచ్చ, ముదురు మట్టి రంగు. ఒక్కో బొమ్మలో ఒక్కోలా ఉన్నాయి. ఫణీంద్ర వాళ్ల మావయ్య పాపారావుకి కలిదిండిలో చేపల చెరువులున్నాయి. ఫణీంద్ర సెలవులు అక్కడే. "చెరువు నీళ్ల రంగు, గట్టు మీద గడ్డి రంగు, తడి మట్టి రంగు. నేను కలుపుతా," అన్నాడు. కలిపాడు. కుదిరింది.

బాటిల్ ప్లాస్టిక్‌తో పైలట్ గది అద్దం చేశారు. పంకా మధ్యలో ఫిరంగి గొట్టం ఉంటుందని మాస్టారు చెప్తే దానికి ఖాళీ రీఫిల్ పెట్టారు. విమానాన్ని ఎదురు వైపు నుంచి గీసిన బొమ్మలో రెక్కల చివర్లు కాస్త పైకి లేచి ఉన్నాయని ఫణీంద్ర కనిపెట్టాడు. రెండు చివర్ల కిందా ఎరేజర్లు పెట్టి, గమ్ము ఎండేదాకా కదలనివ్వలేదు.

గుండ్రటి గుర్తుల దగ్గర మళ్లీ ఆగారు. నీలం, తెలుపు, ఎరుపు వలయాలు. లోపల ఏది?

"ఎరుపే లోపల. గోపీచంద్ దానికి అలాగే ఉంది," అన్నాడు ఫణీంద్ర.

"ఆగు. వాడిది బ్రిటన్. మనది ఫ్రాన్స్. ఒకటే అని నాకు తెలీదు," అంది మెహర్. నాన్న ఫోన్ తీసుకుని మాస్టారికి చేసింది.

లోపల నీలం, బయట ఎరుపు. బ్రిటన్‌కి తిరగేసి. మౌలాలి మిషన్ మీద రేడియం స్టిక్కరు వలయాలు కోసి ఇచ్చారు. ఒక్క బుడగ కూడా లేకుండా మెహర్ అతికించింది.

శుక్రవారం మాస్టారు స్కేలు పట్టుకుని వచ్చారు. రెక్కలు కొలిచారు. తోక కొలిచారు. చక్రం కొలిచారు. అద్దంలోంచి చిన్ని పైలట్‌ని చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"వీడికి కళ్లజోడు కూడా పెట్టారా?"

"మెకానిక్‌లు వెల్డింగ్‌కి పెట్టుకునే కళ్లజోడు చూసి నేనే గీశానండీ," అన్నాడు ఫణీంద్ర.

"రేపు ఏలూరు బస్సు ఎక్కండి," అన్నారు మాస్టారు.

*

విమానం ప్రయాణించింది చేపల పెట్టెలో. పాపారావు మావయ్య ఐసు వేసి చేపలు పంపే తెల్లటి థర్మాకోల్ పెట్టె ఇచ్చాడు. "కడిగానండి, మూడుసార్లు కడిగానండి," అన్నాడు మాస్టారితో. అయినా బస్సంతా వాసనే.

భీమడోలు దాటాక వెనక సీటాయన ముందుకి వంగాడు. "బాబూ, ఏం చేపలు? శీలావతా, బొచ్చెలా?"

"దెవాతీన్ అండీ," అన్నాడు ఫణీంద్ర.

"ఆ రకం మా వైపు లేదే," అన్నాడాయన.

ఏలూరులో హాలు నిండా మోడళ్లే. దెందులూరు నుంచి, ముదినేపల్లి నుంచి, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చారు. ఓడలున్నాయి, వంతెనలున్నాయి, ఎరుపు కేంద్రంతో గోపీచంద్ విమానం ఉంది. పెట్టె మూత తియ్యగానే పక్క బల్లల వాళ్లు ముందు ముక్కులు మూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కళ్లే దగ్గరికి వచ్చారు.

"ఇన్ని చుక్కలూ చేత్తో పెట్టారా?" అని ఒకమ్మాయి నోరు తెరిచింది.

జడ్జి పేరు సత్యవేణి. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తారు. ఆవిడ స్కేలుతో కొలుస్తూ, ప్రశ్నలు అడుగుతూ, నవ్వకుండా, ఒక్కో బల్లా దాటి వచ్చారు. మెహర్ బల్ల దగ్గర ఆగారు. ముందు రెక్కలు కొలిచారు. తర్వాత పంకా, పైలట్.

"ఒకటికి ఇరవై. ఎక్కడా తేడా లేదు. సరే, రెక్కలకి డైహెడ్రల్ ఇచ్చారా?"



ఆ మాట మెహర్ ఎప్పుడూ వినలేదు. తల మాత్రం దానంతటదే ఊగబోయింది. 'ఇచ్చామండీ' అంటే చాలు. మేడమ్ పక్క బల్లకి వెళ్లిపోతారు. తోడు వచ్చిన నాన్న వెనకే నిలబడి ఉన్నారు. మాస్టారు ఉన్నారు. గోపీచంద్ చూస్తున్నాడు. తెలీదంటే మార్కులు పోతాయి. ఇంత పనీ పోతుంది.

ఫణీంద్ర ఆమె వంక చూశాడు. వాడికీ తెలీదు.

"నాకు ఆ మాట తెలీదండీ," అంది మెహర్. "డైహెడ్రల్ అంటే ఏంటండీ?"

సత్యవేణి పెన్ను జేబులో పెట్టుకున్నారు. రెండు చేతులూ పక్కలకి చాపి, విమానంలా నిలబడ్డారు. తర్వాత అరచేతుల్ని కాస్త పైకి లేపారు. "ఇదీ. రెక్కలు బల్లపరుపుగా ఉండకుండా, చివర్లు ఇలా పైకి లేచి ఉంటాయి. గాల్లో విమానం ఒక పక్కకి ఒరిగితే మళ్లీ సర్దుకోవడానికి."

మెహర్, ఫణీంద్ర ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఎరేజర్లు!" అని అరిచాడు ఫణీంద్ర. "మేం ఇచ్చామండీ! ఎదురుగా చూసే బొమ్మలో చివర్లు లేచున్నాయండీ. అందుకని కింద ఎరేజర్లు పెట్టి ఎండబెట్టామండీ!"

"దాని పేరే మాకు తెలీదండీ. ఇప్పుడు తెలిసిందండీ," అంది మెహర్.

సత్యవేణి వంగి, కన్ను బల్లకి ఆనించి, ఎదురుగా విమానాన్ని చూశారు. రెక్కలు రెండు పక్కలా సమానంగా లేచి ఉన్నాయి. పొద్దుట్నుంచి మొదటిసారి ఆవిడ నవ్వారు.

"ఇందాక ఒక టీముని ఇదే అడిగితే, అదేదో ఆయిల్ అనుకుని పది లీటర్లు ఇచ్చామన్నారు," అన్నారు.

మెహర్‌కి పైకి నవ్వాలనిపించింది కానీ నవ్వలేదు. ఆ టీము ఎవరో గానీ, వాళ్ల చెవులు ఇప్పుడు ఎంత వేడిగా ఉంటాయో ఆమెకి తెలుసు.

*

మొదటి బహుమతి పేరు చదివినప్పుడు మౌలాలి హాల్లో అందరికంటే ముందు లేచి నిలబడ్డారు. మాస్టారు చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు చూసుకున్నారు. గోపీచంద్ నోట్లో వేళ్లు పెట్టి వేసిన ఈలకి మైకు కూడా కీచుమంది.

మెహర్ ఒక రెక్క కింద, ఫణీంద్ర ఒక రెక్క కింద చేతులు పెట్టి విమానాన్ని స్టేజీ మీదికి తెచ్చారు. లైట్ల వెలుగులో రేడియం వలయాలు తళతళా మెరిశాయి. హాలంతా లేచి చూసింది.

సత్యవేణి మైకులో చెప్పారు. "ఈ టీము వచ్చే నెల విజయవాడలో రాష్ట్ర స్థాయికి వెళ్తుంది. అక్కడికి మోడల్ ఒక్కటే సరిపోదు. డయోరామా కూడా చెయ్యాలి. సరేనా?"

హాల్లో ఎన్నో తలలు సరే అన్నట్టు ఊగాయి.

మెహర్ ఒక చెయ్యి రెక్క కిందే ఉంచింది. రెండో చెయ్యి ఎత్తింది. అది చెవి దాటి, తల దాటి, ఎంత దూరం పోతుందో అంత పైకి వెళ్లింది.

"మేడమ్, డయోరామా అంటే ఏంటండీ?"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మెహర్ చెయ్యి దించలేదు.

సత్యవేణి మైకుని ఆమె నోటి దగ్గర పెట్టారు. "ఇంకోసారి అడుగమ్మా. వెనకవాళ్లకి వినపడలేదు."

మెహర్ గట్టిగా ఊపిరి తీసుకుంది. హాలు చివరి గోడ దాకా వినపడేలా మళ్లీ అడిగింది.